సోఫాకు కాపలా

కళా ప్రదర్శనలో వాలంటీరు అంటే జనాన్ని కూర్చోబెట్టేవాడని అమాయకులు అనుకుంటారు. జనం వాళ్లంతట వాళ్లే కూర్చోగలరు. కూర్చోకుండా ఆపడానికే మనిషి కావాలి. జనగామ కానివ్వండి, మానుకోట కానివ్వండి, భూపాలపల్లి కానివ్వండి, ఛాతీకి జరీ రిబ్బను బ్యాడ్జీ గుచ్చుకుని నిలబడ్డ ప్రతివాడి ఉద్యోగం ఇదే. నాదీ ఇదే. కొత్తగా చేరేవారికి పనికొస్తుందని నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు వరుసలో తెల్ల టవళ్లు కప్పిన సోఫాలుంటాయి. వాటి ముందు టీపాయ్ మీద నీళ్ల సీసాలు, జీడిపప్పు ప్లేట్లు. రెండో వరుస మెత్తటి కుర్చీలు సోఫాలవాళ్ల వెంట వచ్చేవాళ్లకు. మూడో వరుస ఆ వచ్చేవాళ్ల వెంట వచ్చేవాళ్లకు. ఆ వెనక ప్లాస్టిక్ కుర్చీలు. అవి ఆట చూద్దామని వచ్చినవాళ్లవి.

ఆరింటికి ఆట అంటే ఐదున్నరకే ఒక ముసలమ్మ వస్తుంది. తిన్నగా సోఫా దగ్గరికే నడుస్తుంది.

“అవ్వా, అది పెద్దసారుది. వెనక కూసో.”

“చెవులు ఇనవడయి బిడ్డా. జర ముంగట కూసోనియ్యి. సారు వచ్చిండా?”

“వస్తుండు.”

“వచ్చినంక లేస్తతియ్యి.”

ఈ వాదానికి ప్రపంచంలో ఎవరి దగ్గరా జవాబు లేదు. అందుకే మనకు బ్యాడ్జీ ఇచ్చారు. జవాబు లేనప్పుడు దాన్ని సవరించుకోవాలి.

ఇక సమయపాలన. కార్డులో ఆరు గంటలని వేస్తారు. అది జనానికి. పెద్దసారుకు ఎనిమిది. ఆ తర్వాత జ్యోతి ప్రజ్వలన, అగ్గిపుల్ల ఆరిపోవడం, మళ్లీ ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు, ఫొటోలు. ఫొటోలో పడనివాళ్ల కోసం మళ్లీ ఫొటోలు. తర్వాత ఉపన్యాసం. విషయం ఎప్పుడూ ఒకటే: మన జానపద కళలు ఎందుకు అంతరించిపోతున్నాయి? కారణాలు టీవీ, సెల్‌ఫోను, యువత. ఈ మాటలు సాగుతున్నంతసేపూ తెర వెనక చిందు కళాకారులు ముఖానికి అరదళం పూసుకుని, భుజకీర్తులు కట్టుకుని, చెమట కారితే రంగు చెదురుతుందని కదలకుండా నిలబడి ఉంటారు. కళ ఎందుకు అంతరిస్తోందో వాళ్లకు అక్కడ నిలబడే అర్థమవుతూ ఉంటుంది.

అప్పుడు నిర్వాహకుడు చిన్న చీటీ రాసి మన చేతికిస్తాడు. “పదిహేను నిమిషాల్లో ముగించగలరు.” దాన్ని తీసుకెళ్లి తెల్లవార్లూ ఆడే యక్షగానం వాళ్లకు ఇవ్వడం వాలంటీరు జీవితంలో అతి కష్టమైన ఘట్టం. యుద్ధం ఉంచి పుట్టుక తీసేయాలా, పుట్టుక ఉంచి పెళ్లి తీసేయాలా అని వాళ్లు అక్కడికక్కడే లెక్క చూసుకుంటారు. ఈలోగా భూపాలపల్లిలో అయితే నైట్ షిఫ్టు సింగరేణి కార్మికుడు గనికి బయల్దేరతాడు. మానుకోటలో అయితే తండాకు పోయే ఆఖరి బస్సు కోసం సగం కుర్చీలు లేస్తాయి. ఉపన్యాసం పూర్తిగా విని, ఆట మాత్రం చూడకుండా వెళ్లే భాగ్యం వీళ్లది.

ఇదంతా ఎక్కడ జరుగుతోంది? ఒగ్గుకథతో పేరు తెచ్చుకున్న చుక్క సత్తయ్యది జనగామ జిల్లా మాణిక్యాపురం. చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్యది అదే జిల్లా దేవరుప్పుల మండలం. ఊళ్లో చిందు ఆడితే వాలంటీర్లుండరు. గోనెసంచి ఎవరిది వాళ్లే తెచ్చుకుంటారు. పిల్లలు ముందు, పెద్దలు అరుగుల మీద. అక్కడ ముసలమ్మను లేపేవాడు ఇంకా పుట్టలేదు. అంతెందుకు, 2019 దాకా భూపాలపల్లి జిల్లాలో, ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్న పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించాడు. రంగమండపం ఉంది, స్తంభాలున్నాయి, నాట్యం చేసే శిల్పాలున్నాయి. సోఫా ఎక్కడ వేయాలో మాత్రం ఆ శిల్పికి తోచలేదు. అయినా 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. ముందు వరుస చూసినట్టు లేదు.

ఆ యునెస్కోవాళ్లే ఏప్రిల్ 30ని అంతర్జాతీయ జాజ్ దినోత్సవమని 2011లో ప్రకటించారు. జాజ్ మనకు అంత పరాయిదేం కాదు. ఒగ్గుకథలో కథకుడు ఒక మాట విసిరితే వంతగాడు అందుకుని ఇంకోటి విసురుతాడు, మధ్యలో డోలు తన మాట తాను చెబుతుంది. జాజ్‌లో ఆ పనే ట్రంపెట్టు, డ్రమ్ము చేస్తాయి. ఈ సాయంత్రం పలికింది రేపు అచ్చంగా అలాగే పలకదు. న్యూ ఆర్లియన్స్‌లో జాజ్ కోసం 1961 నుంచి నడుస్తున్న ప్రిజర్వేషన్ హాల్ చిన్న గది. బెంచీలు, కింద మెత్తలు. ముందు కూర్చున్నవాడి మోకాళ్లకు వాద్యం తగిలేంత దగ్గర. అదే అమెరికాలో చాలా థియేటర్లకు మనలాంటి వాలంటీర్లే ఆధారం. టిక్కెట్టు చూసి, సీటు చూపించడం పని. జీతం లేదు. అందరూ కూర్చున్నాక వెనకెక్కడైనా ఖాళీ ఉంటే కూర్చుని ఆట ఉచితంగా చూడొచ్చు. అదే కూలి.

మనకు ఆ కూలి కూడా లేదు. ఆట మొదలయ్యే వేళకు పెద్దసారుకు “వేరే కార్యక్రమం” గుర్తొస్తుంది. ఆయన వెంట మూడు వరుసలూ లేస్తాయి. వాలంటీరు కారు దాకా పరిగెత్తి తలుపు తీయాలి. తిరిగొచ్చేసరికి మంగళం పాడుతుంటారు. సోఫాలు ఖాళీ, జీడిపప్పు ప్లేట్లు కూడా. ఇప్పుడైనా ముసలమ్మను కూర్చోబెట్టొచ్చా అని అడిగితే నిర్వాహకుడు ఒక క్షణం ఆలోచించి, “సారు మళ్లొస్తే?” అంటాడు.

కాబట్టి నాదొక ప్రతిపాదన. వచ్చే ప్రదర్శనకు పెద్దసార్లనే వాలంటీర్లుగా వేద్దాం. ఓట్ల ముందు ప్రతి ముసలమ్మనూ చెయ్యి పట్టుకుని నడిపించిన అనుభవం వాళ్లకే ఉంది, శిక్షణ ఖర్చు మిగులుతుంది. గుమ్మం దగ్గర నిలబడి అందర్నీ సోఫాల్లో కూర్చోబెట్టాలి. ఉపన్యాసం ఉండదు. పని అయ్యాక చివరి వరుస ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తెల్లవార్లూ ఆట చూడొచ్చు. బ్యాడ్జీలు నేను కుట్టిస్తాను. శాలువా మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి, తెల్లవారుజామున చలి.