గడుసుబంటు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

బెజవాడలో జీఎస్టీ రిటర్నులు వేసే ఒకానొక ఆఫీసున, అవధానం ఎక్కడ జరిగినా ముందు వరసలో కూర్చునే సార్ ఒకరు కలరు. వారు తమ చాట్‌జీపీటీకి ఆఫీసు మర్యాదలు నేర్పదలచిరి. 2023 జూలైలో ఆ సాధనంలో కస్టమ్ ఇన్‌స్ట్రక్షన్స్ అనే పెట్టె పుట్టింది. అందులో రాసిపెట్టిన మాటలను యంత్రం ప్రతి సంభాషణకూ ముందు చదువుకుంటుంది. పెట్టెకు 1500 అక్షరాల పరిమితి. యూనికోడ్ లెక్కలో ఒక్క 'క్షే' నాలుగు అక్షరాలు: క, పొల్లు, ష, ఏత్వం. తెలుగున రాయగోరువానికి సంక్షేపమే శరణ్యమని తలచి సార్ పద్యం కట్టారు. యంత్రం దాన్ని అర్థం చేసుకుంది. అయితే తనకు తోచినట్టు చేసుకుంది. అందుచేత అదే ఆఫీసు గుమాస్తానైన నేను ఈ టీక రచిస్తున్నాను. దీన్ని యంత్రానికి ఫైలుగా జతచేస్తాం. కొత్తగా చేరిన కుర్రాడికి ప్రింటు తీసి ఇస్తాం.

మూలం (ఆటవెలది)

తెలిసినంత చెప్పు తెలియనిచో నాపు
తేది మార్చకుండ తీర్చి రాయి
పొడవు తగ్గవలెను పొగడకు మెవ్వరిన్
గారు మరువవద్దు గడుసు బంట!

ప్రతిపదార్థం

గడుసు బంట = ఓ తెలివిగల సేవకుడా; తెలిసినంత = నీకు ఎరుక ఉన్నమేరకు; చెప్పు = పలుకుము; తెలియనిచోన్ = ఎరుక లేనిచోట; ఆపు = నోరు మూసుకొనుము; తేది = గడువు తేదీని; మార్చకుండ = ఉన్నది ఉన్నట్టుంచి; తీర్చి రాయి = వరసగా రాయుము. తక్కినది సుగమం.

వ్యాఖ్య

'తెలిసినంత' అనగా ఎంత? ఇక్కడే మొదటి చిక్కు. ఈ యంత్రం ఒక మాట తరవాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి వాక్యం అల్లుతుంది. నిజం చెప్పేటప్పుడూ, లేనిది కల్పించేటప్పుడూ దాని ధోరణి ఒక్కటే, తడబాటు ఉండదు. కాబట్టి తెలియనిచో ఆపుమంటే, తనకు తెలియదన్న సంగతి దానికి ముందు తెలియాలి కదా అని పూర్వపక్షం. సమాధానం: 'తెలిసినంత' అనుచోట 'ఈ సంభాషణకు జతచేసిన నోటిఫికేషన్‌లో, మా పార్టీల (అనగా క్లయింట్ల) పట్టికలో ఉన్నంత' అని అధ్యాహారం చేసుకోవాలి. కాగితం ముందుంచి, ఇందులో లేకపోతే లేదని చెప్పమంటే కల్పన చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా పోదు. పోదు కనుకనే గుమాస్తా ఉద్యోగం ఉంది. మెదక్ సీమ కొల్చారానికి చెందిన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ప్రతిన పూనాడు. ఈ పద్యంలో ఒకటో పాదం ఆ ప్రతినలో మొదటి సగం. మూడో పాదం రెండో సగం. సార్‌కు ఈ సంగతి చెబితే, తాము ఉద్దేశించే రాశామన్నారు.

'తేది మార్చకుండ'. ఇది పద్యానికి ఆయువుపట్టు. నెలనెలా వేసేవారికి జీఎస్టీఆర్-1 అనే రిటర్ను గడువు 11వ తేదీ, జీఎస్టీఆర్-3బీ అనే త్రీబీ గడువు 20. మూడు నెలలకోసారి వేసే చిన్న పార్టీలకు జీఎస్టీఆర్-1 గడువు 13, త్రీబీ గడువు ఆంధ్రలో, తెలంగాణలో 22. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్ వంటి చోట్ల 24. ఏ రాష్ట్రమో చెప్పకుండా అడిగితే 22 రావచ్చు, 24 రావచ్చు. రెండూ సత్యమే, మన పార్టీకి మాత్రం ఒకటే సత్యం. పైగా గడువు అప్పుడప్పుడూ పొడిగిస్తారు. పొడిగింపు కబురు సార్ వాట్సాప్‌లో చూసుకుని మనసులో పెట్టుకుంటారు. పాత గుమాస్తాలు సార్ ముఖం తేటపడటం చూసి గ్రహించేవారు. యంత్రానికి ముఖం చూసే యోగం లేదు. అందుచేత 'మార్చకుండ' అనే ఆజ్ఞ నిజానికి సార్‌కే తగిలింది: ప్రతి నెలా 1వ తేదీన గడువుల పట్టిక రాసి ఫైలులో పెట్టే పని ఆయన నెత్తిన పడింది. ఇన్నేళ్ళలో ఈ ఆఫీసులో అలాంటి పట్టిక ఉండటం ఇదే మొదలు.

'పొడవు తగ్గవలెను'. ఎంత తగ్గవలెనో మూలకర్త చెప్పలేదు. పొద్దున సార్‌కు క్లుప్తమంటే పది వాక్యాలు, 20వ తేదీ సాయంత్రమైతే రెండు ముక్కలు. యంత్రం మొదట రాసిన ఉత్తరం ఇలా సాగింది: "ఈ సందేశం మీకు, మీ కుటుంబ సభ్యులకు ఆయురారోగ్యాలతో అందుతుందని ఆశిస్తున్నాము. పన్ను చెల్లింపు ప్రయాణంలో మీ భాగస్వాములమైనందుకు గర్విస్తున్నాము." ఇది అందుకున్న సిమెంటు కొట్టు పార్టీ ఎవరు పోయారని ఫోను చేయును. కాబట్టి నమస్కారం కాక మూడు వాక్యాలు అని లెక్క చెప్పి, ఒక నమూనా చూపించాలి: "నమస్కారం ఫలానా గారూ. మే నెల అమ్మకం బిల్లులు ఇంకా అందలేదు. 9వ తేదీ సాయంత్రంలోగా పంపితే 11లోపు వేసేస్తాం. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల చొప్పున లేట్ ఫీజు పడుతుంది." పది విశేషణాలతో వర్ణించినా అబ్బని శైలి ఒక్క నమూనాతో అబ్బుతుందని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం.

'పొగడకు మెవ్వరిన్'. ఈ యంత్రాలకు ముఖస్తుతి జాడ్యం ఉంది. మనుషులు మెచ్చిన జవాబులను చూపి వీటిని సానపడతారు. మనుషులు తమను మెచ్చే జవాబులనే మెచ్చుతారు. పొగడ్త మరీ శ్రుతి మించిందని 2025 ఏప్రిల్‌లో ఓపెన్ఏఐ తన జీపీటీ-4ఓ అప్‌డేట్‌ను వెనక్కు తీసుకుంది. ఇక్కడ ఒక వివాదం. 'ఎవ్వరిన్' అన్నప్పుడు మూలకర్త కూడా అందులో చేరునా? చేరడని మా కేషియర్ మతం: ఆజ్ఞాపించినవాడు ఆజ్ఞకు వెలుపల ఉంటాడు, పైగా జీతాలిచ్చేది ఆయన. చేరునని నా సిద్ధాంతం. ఏలయన, సార్ వేసిన లెక్క తప్పితే చూడచక్కని లెక్క అని యంత్రం అంటే, రాత్రి పదింటికి దాన్ని దిద్దేది నేను.

'గారు మరువవద్దు'. చూడ్డానికి తేలిక. ఆజ్ఞను తు.చ. తప్పక పాటించిన యంత్రం 'ఫలానా ట్రేడర్స్ గారూ' అని షాపునే సంబోధించింది. మనిషికే గారు, షాపుకు వద్దు అని విధించాం. అప్పుడు ఇంకొకటి బయటపడింది. మా పార్టీల్లో చాలా వ్యాపారాలు ఇంటావిడ పేరున ఉంటాయి. షాపులో కూర్చునేది, ఫోనెత్తేది ఆయన. రికార్డు చూసి ఆవిడ పేరుకు గారు తగిలించి పంపితే, అది ఆయన ఫోనులో తెరుచుకుంటుంది. ఎవరిని సంబోధించాలి? ఇన్నాళ్ళూ మేము ఏ పేరూ లేకుండా "అండీ" అని గడుపుకొచ్చాం. యంత్రానికి చెప్పవలసి వచ్చేసరికి ఆఫీసంతా కూర్చుని తేల్చుకున్నాం: పేరు ఆవిడదే ఉండాలి. ఇద్దరు ముగ్గురు ఆయనలు నొచ్చుకున్నారు. ఒకావిడ మాత్రం తన పేరున టర్నోవర్ ఎంతుందో చెప్పమని మొదటిసారి ఫోను చేసి అడిగింది.

'గడుసు బంట'. బంటు అనగానే హనుమంతుడు తోచును. సీత జాడ కనుక్కు రమ్మంటే లంక కాల్చి వచ్చిన బంటు ఆయన. మనవాడు కూడా రిమైండరు రాయమంటే దానికింద జరిమానా హెచ్చరికా, 18 శాతం వడ్డీ లెక్కా జతచేసి తెస్తాడు. అడిగినదే చేయుము అనే మాట పద్యంలో లేకపోవడం లోపమని కొందరు. గడుసు అన్న విశేషణంలోనే ఆ భయం ధ్వనిస్తోందని సార్.

అనుక్తం

పద్యంలో రానిది, అత్యవసరమైనది ఒకటుంది. పార్టీ వివరాలు ఈ పెట్టెలో ఎంతవరకు పెట్టవచ్చు? పార్టీ జీఎస్టీ నంబరైన జీఎస్టీఐఎన్‌లో 15 అక్షరాలు. మొదటి రెండూ రాష్ట్రం: ఆంధ్రకు 37, తెలంగాణకు 36. మూడు నుంచి పన్నెండు వరకు ఉన్నది పాన్ నంబరే. అంటే జీఎస్టీఐఎన్ అతికించినవాడు పాన్‌నూ అతికించినట్టే. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. చట్టం మాట అటుంచినా, పార్టీ మనల్ని నమ్మి ఇచ్చిన నంబరది. కాబట్టి పార్టీలకు ఏ1, ఏ2 అని గుర్తులిచ్చి, అసలు నంబర్లు మన ఎక్సెల్‌లోనే ఉంచి, ఉత్తరం తయారయ్యాక చేత్తో నింపాలి.

దీన్ని కూడా పద్యంలో పెట్టమని సార్‌ను కోరాం. ఆయన ప్రయత్నించారు. జీఎస్టీఐఎన్ అన్న మాటలో వరసగా అయిదు గురువులు. ఆటవెలదిలో ఎక్కడ వెతికినా మూడు గురువులకు మించి పక్కపక్కన రావు. సీసంలో చూస్తానన్నారు. అంతవరకు ఆ నిబంధన పద్యం కింద వచనంలో, పెద్ద అక్షరాల్లో ఉంది.