ల్యాగ్ మాస్టారు

సినిమా నచ్చిందా అని ఈ సినీప్రియుణ్ని అడగకూడదు. ల్యాగ్ ఎంతుందని అడగాలి.

‘పుష్ప 2’ నిడివి 3 గంటల 20 నిమిషాలు. సెకండాఫ్‌లో అరగంట కత్తెరేయాల్సిందని మాస్టారి తీర్పు. నిర్మాతలు శ్రద్ధగా విన్నట్టున్నారు, 2025 జనవరిలో ఇంకో 20 నిమిషాలు కలిపి వదిలారు.

ఆయన మళ్లీ టికెట్ కొన్నాడు.

టైమంటే ఇంత పట్టింపున్న మనిషి ‘స్క్విడ్ గేమ్’ మొదటి సీజన్ 9 ఎపిసోడ్లూ ఒక్క రాత్రిలో లాగించేశాడు. సుమారు 8 గంటలు. అది ల్యాగ్ కాదట, ‘స్లో బర్న్’ అట! కొరియావాళ్లు మెల్లగా నడిస్తే కళ, మనవాళ్లు నడిస్తే నస. ‘ఇంకా చూస్తున్నారా?’ అని మధ్యలో నెట్‌ఫ్లిక్సే ఆగి అడిగింది. ఇంట్లోవాళ్లు ఆ మాట అడగడం ఎప్పుడో మానేశారు.

అదే ఓటీటీలో తెలుగు సినిమా వస్తే ఒకటిన్నర రెట్ల స్పీడు. పాటలు దాటేస్తాడు. ఫైట్లప్పుడు ఫోన్ చూసుకుంటాడు. అంతా అయ్యాక పెదవి విరిచి, ‘ఎమోషన్ కనెక్ట్ కాలేదు’ అంటాడు.

పాత సినిమాలే నయమనీ అంటుంటాడు. ఎన్టీఆర్ ‘దానవీరశూరకర్ణ’ (1977) ఆయనకు ప్రాణమట. నిడివి దాదాపు 4 గంటలు. చూసింది మాత్రం యూట్యూబ్‌లో దుర్యోధనుడి డైలాగుల బిట్లు.

దర్శకులకో మనవి. తీసిన సినిమాను 9 ముక్కలు చేసి, కొరియన్‌లో డబ్బింగ్ చెప్పించి, కింద తెలుగు సబ్‌టైటిల్స్ వేయండి. ల్యాగ్ మాయమవుతుంది.