ఖర్చులేని వకీలు

పసిపిల్లల బడులు, క్రెష్‌లు నడిపే యజమానులారా, తప్పు చేసి పట్టుబడితే హైకోర్టులో పెద్ద వకీలును పెట్టుకోవడానికి అప్పులు చేయకండి. ఫీజు లేకుండా మీ తరఫున పనిచేసే మనిషి సర్కారు ఆఫీసులోనే ఉన్నాడు. టీవీ కెమెరాలు మీ గేటు ముందుకొచ్చిన సాయంత్రమే, నోటీసివ్వకుండా, మీ మాట వినకుండా, కారణం రాయకుండా "లైసెన్సు రద్దు" అని సంతకం గీకుతాడు చూడండి, ఆయనే. ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి దాచుకోండి. మీ రిట్ పిటిషన్లో సగం ఆయనే రాసిపెట్టాడు.

కాసిపేట బొగ్గుబాయి మీద పనిచేసేవాళ్లకు ఈ కిటుకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఏడాదికి నూరు మస్టర్లు, అంటే నూరు రోజుల హాజరు, నిండని కార్మికుణ్ణి ఇంటికి పంపాలన్నా సింగరేణి ముందు చార్జ్‌షీట్ ఇవ్వాలి, ఎంక్వైరీ పెట్టాలి, అతను చెప్పుకునేది వినాలి. ఇందులో ఒక్క మెట్టు ఎగ్గొట్టినా గోదావరిఖని లేబర్ కోర్టులో మేనేజ్‌మెంటు నీళ్లు నమలాల్సిందే. షిఫ్టుకు రానివాణ్ణి తీసేయడానికే ఇంత తతంగం ఉన్న గడ్డ మీద, పసిపిల్లల భద్రతను మాత్రం ఒక్క సంతకంతో తేల్చేస్తారు. ప్రేమ ఎక్కువై తొందరపడ్డారని అనుకోవాలి కాబోలు!

ఆ సంతకం హైకోర్టుకు చేరాక ఏమవుతుంది? నోటీసు ఇచ్చారా? లేదు. కారణాలు రాశారా? కౌంటర్లో రాస్తామండీ. ఉత్తర్వులో లేని కారణాన్ని తర్వాత అఫిడవిట్‌లో అతికిస్తే చెల్లదని మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. ఎవరి హక్కునైనా తీసేసే ముందు అతని మాట వినాలని ఆ మరుసటేడే మేనకా గాంధీ కేసులో గట్టిగా చెప్పింది. ఇన్నేళ్లయినా ఆ తీర్పులు మన ఆఫీసుల ఇన్‌వార్డు రిజిస్టర్‌లోకి ఎక్కినట్టు లేవు. ఉత్తర్వు కొట్టుకుపోతుంది. విధానం తప్పింది, మళ్లీ విచారించండని కోర్టు అంటుంది. యజమాని ఫ్లెక్సీ మీద మాత్రం "న్యాయమే గెలిచింది" అని అచ్చవుతుంది. కింద పెద్దక్షరాల్లో: "అడ్మిషన్లు జరుగుచున్నవి."

ఇంతకీ రద్దయింది ఏ లైసెన్సు? 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలది. మూడేళ్ల పాపకు అందులో దక్కింది, సర్కారు "ఏర్పాట్లు చేయవచ్చు" అనే సెక్షన్ 11. చేయాలి అని కాదు, చేయవచ్చు అని. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద నమోదు కావాల్సినవి పిల్లలను ఉంచుకునే హోమ్‌లు. పొద్దున దింపి సాయంత్రం తీసుకుపోయే క్రెష్ ఆ లెక్కలోకి రాదు. ప్లేస్కూళ్ల కోసం జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలైతే రాసింది. 20 మందికి ఒక టీచరు ఉండాలంది, ప్రహరీ ఉండాలంది. మార్గదర్శకాలు కదా, దారి చూపిస్తాయి. దారి తప్పినవాణ్ణి పట్టుకోలేవు. అందుకే అద్దె ఇంటి గోడకు మిక్కీ మౌస్ బొమ్మ గీస్తే అది ప్లేస్కూలు. ఇవ్వని లైసెన్సును రద్దు చేయగల మహిమ మన ఆఫీసులకే చెల్లింది.

కోర్టు దాకా పోకుండానే కుప్పకూలిన రద్దు కూడా ఉంది. 2022 అక్టోబరులో బంజారాహిల్స్ డీఏవీ స్కూల్లో ఎల్‌కేజీ పాపపై ప్రిన్సిపాల్ డ్రైవరు అఘాయిత్యం బయటపడింది. రాష్ట్రం భగ్గుమంది. గుర్తింపు రద్దు చేయమని విద్యాశాఖ మంత్రి ఆదేశించారు. మరి మా పిల్లలు ఎక్కడికి పోవాలని మిగతా తల్లిదండ్రులు అడిగారు. జవాబు లేదు. కొద్దిరోజులకే ఆ విద్యాసంవత్సరం వరకు అనుమతి ఇచ్చి బడి తెరిపించారు. 2023 ఏప్రిల్లో డ్రైవరుకు 20 ఏళ్ల జైలు పడింది. అది పడింది ప్రకటనతో కాదు. సాక్ష్యం, విచారణ, తీర్పు అనే పాతకాలపు పద్ధతిలో.

చిత్రమేమంటే, ఆ తల్లిదండ్రుల ప్రశ్న చట్టానికి ముందే తట్టింది. పెద్ద బడుల గుర్తింపు తీసేసేటప్పుడు యాజమాన్యం వాదన వినాలని, ఆ పిల్లలను దగ్గర్లోని ఏ బడిలో చేర్చాలో ఉత్తర్వులోనే రాయాలని విద్యాహక్కు చట్టం సెక్షన్ 18 చెబుతోంది. ఆరేళ్లు నిండిన వాళ్లకున్న ఈ పాటి రక్షణ మూడేళ్ల వాళ్లకు లేదు. ఆ లోటు ఎవరికి తగులుతుందో కాసిపేటలో చూడండి. అక్కడ ఒక పక్క బొగ్గు, ఇంకోపక్క దేవాపూర్ సిమెంటు. కారుణ్య నియామకాల్లో ఉద్యోగం వచ్చిన తల్లి ఫస్ట్ షిఫ్టుకు పోవాలి. అంగన్‌వాడీ వేళకూ ఆ షిఫ్టుకూ పొత్తు కుదరదు. 50 మంది పనిచేసే చోట క్రెష్ ఉండాలంటూ ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో తెచ్చిన సవరణ ఎన్ని గేట్ల దాకా వచ్చిందో అక్కడి తల్లులనే అడగండి. ఉన్న ఒక్క ప్లేస్కూలుకు తాళం పడ్డ రోజు ఆమె మస్టర్ పోతుంది. అది నూరులోంచి తగ్గేది. దానికి చార్జ్‌షీట్ మాత్రం పద్ధతి ప్రకారమే వస్తుంది.

అలాగని పాపను కొట్టినవాడి చేతిలో పిల్లలను వదిలేయమని ఎవరన్నారు? ప్రమాదం కళ్లముందే ఉంటే అప్పటికప్పుడు తాత్కాలికంగా మూయించి, ఆ వెంటనే వాదన వినడానికి చట్టం ఒప్పుకుంటుంది. నేరం చేసినవాడికి పోక్సో ఎలాగూ ఉంది. ఆ పైన నోటీసివ్వండి, తనిఖీ నివేదిక చేతిలో పెట్టండి, వాడు చెప్పేది వినండి, కారణాలు వరసగా రాయండి, రేపట్నుంచి ఏ పిల్ల ఎక్కడ ఉంటుందో చివరన చేర్చండి. అప్పుడు చేసిన రద్దును ఎంత పెద్ద వకీలైనా అంత సులువుగా కదపలేడు. కాకపోతే అలాంటి ఉత్తర్వుకు నాలుగు రోజులు ఎక్కువ పడుతుంది. ఈలోగా కెమెరాలు ఇంకో గేటుకు వెళ్లిపోతాయి. మన అధికారులు ఓర్వలేనిది హైకోర్టులో ఓటమిని కాదు, ఆ నాలుగు రోజులను.