ధరల యుద్ధ శమన పద్యము: టీకా తాత్పర్య సహితము

తే. ధరలు తగ్గించి గెలువగఁ దలచినట్టి
పదుగురం దొక్క మువ్వురె బతికిరయ్య;
వారి చూపులు కలిసిన వారమందె
పెరిగె ధరలన్ని యొకరీతి పిలుపు లేక.

అవతారిక: 2016 సెప్టెంబరు 5న జియో సెల్‌ఫోను రంగమున అడుగిడి, మాటలకు రుసుము లేదనియు, డేటా ఏడాది చివరిదాకా ఉచితమనియు చాటినది. పిదప ఆ గడువును 2017 మార్చి 31 దాకా పొడిగించినది. ఇది గిట్టనీయని ధర అని ఎయిర్‌టెల్ మొరపెట్టుకొనగా, కొత్తగా వచ్చినవానికి ఆధిపత్యమెక్కడిదని కాంపిటీషన్ కమిషన్ 2017 జూన్‌లో త్రోసిపుచ్చినది. అట్లు చెలరేగిన యుద్ధము ఎట్లు ముగిసినదో కవి ఇందు చెప్పుచున్నాడు. కవి ప్రీపెయిడు చందాదారు. పెరిగిన ధర చెల్లించినవాడు కావున వాని మాట ప్రమాణము.

ప్రతిపదార్థము: ధరలు తగ్గించి = రీఛార్జి వెలను పోటీవాని వెలకన్న క్రిందికి దింపి; గెలువగన్ = చందాదారులను లాగికొనవలెనని; తలచినట్టి = బ్యాంకు అప్పు తెచ్చి మరీ తలచినట్టి; పదుగురందు = అనేక కంపెనీలలో; ఒక్క మువ్వురె = జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా మాత్రమే; బతికిరి = మిగిలిరి (మూడవవాని విషయమున ‘ఊపిరితో నుండిరి’ అని చదువుకొనునది); అయ్య = ఓ చందాదారుడా; చూపులు కలిసిన = ఒకరి ప్రకటనలను ఒకరు చదివిన; వారమందె = ఏడు దినములలోపే; పిలుపు లేక = ఒకరికొకరు ఫోను చేసికొనకయే, ఫోను కంపెనీలై యుండియు.

తాత్పర్యము: తగ్గించువారు తగ్గిన పిమ్మట ధర పెరిగినది.

విశేషములు: ‘మువ్వురె’ అనుటచే యుద్ధమునకు తొలి విరామము సంధి కాదు, సమాధులని ధ్వని. ఆర్‌కామ్ 2017 డిసెంబరులో మాట సేవను చాలించినది. ఎయిర్‌సెల్ 2018లో దివాలా గుమ్మమెక్కినది. టెలినార్‌ను, టాటాల మొబైలు వ్యాపారమును ఎయిర్‌టెల్ పుచ్చుకొన్నది. వొడాఫోన్, ఐడియాలు 2018 ఆగస్టు 31న ఒకటైనవి. బీఎస్ఎన్ఎల్‌ను కవి లెక్కింపడేమనిన, ఖజానా అండగా నున్నవానికి యుద్ధమున చావు లేదు గనుక అని సమాధానము. ఈ సమాధానము నాకంతగా రుచింపదు.

‘చూపులు కలిసిన’ అనునది పద్యమునకు ప్రాణము. 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు పాత లైసెన్సు బకాయిలు కట్టి తీరవలెనని తీర్పు చెప్పినది. అందరికీ డబ్బు అవసరమైనది; అందరికీ అవసరమని అందరికీ తెలిసినది. ఆ డిసెంబరు 3న ఇద్దరు, 6న మూడవవారు ధర పెంచిరి. 2021 చివర మరల అంతే. 2024 జూన్ 27న జియో పెంపు ప్రకటింపగా, మరునాడే మిగిలిన ఇద్దరును ప్రకటించిరి. ఆ ఇద్దరి కనిష్ఠ నెలవారీ ప్లాను 179 నుండి సరిగ్గా 199కే చేరినది. అంతకు ఎంతో ముందునుండియే ఎయిర్‌టెల్ అధిపతి సునీల్ మిత్తల్ ఒక్కొక్క చందాదారునుండి నెలకు సగటున 200, ఆపై 300 రూపాయలు రావలెనని బాహాటముగా పలుమారులు చెప్పియున్నారు. సభలో అన్న మాట పోటీదారు చెవిని పడిన, అది నేరమగునా?

పాఠాంతరము: ‘పిలుపు లేక’ అనుచోట ‘పిలుపు తోడ’ అనియు చదువవచ్చును. ఛందస్సు చెడదు గాని, చదివినవాడు చెడును. 2002 నాటి పోటీ చట్టము మూడవ సెక్షను అట్టి కుమ్మక్కును నిషేధించుచున్నది. జరిమానా, కుమ్మక్కు సాగిన ఒక్కొక్క ఏటికి లాభమునకు మూడింతల దాకా గాని, టర్నోవరులో పది శాతము దాకా గాని, ఏది ఎక్కువైన అది. టార్చిలైటు బ్యాటరీల ధరలను మాట్లాడుకొని నిలిపిన కేసులో 2018లో కమిషన్ ఎవరెడీకి 171 కోట్లు, నిప్పో బ్యాటరీల కంపెనీకి 42 కోట్లు విధించినది. ముందుగా పోయి గుట్టు విప్పిన పానాసోనిక్‌కు పూర్తి మాఫీ! కావున చెవిలో చెప్పుకొని ముగించిన యుద్ధమునందు ప్రతివాడును రెండవవానికి భయపడుచు బ్రతుకవలెను.

అలంకారము: విభావన. కారణము కానరాకయే కార్యము పుట్టినట్లు చెప్పుట దాని లక్షణము. కమిషన్ వారు దీనినే సమాంతర ప్రవర్తన అందురు. ఒక్కసారి పెరిగినంత మాత్రమున కుమ్మక్కు రుజువు కాదందురు. ఆలంకారికులకును న్యాయవాదులకును ఇచ్చట ఏకాభిప్రాయము కుదిరినది.

కవి విడిచిన మార్గమొకటి కలదు. కనీస ధర మీరే నిర్ణయింపుడని కంపెనీలు టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్‌ను వేడుకొనగా, అది 2019 డిసెంబరులో చర్చాపత్రము వెలువరించినది. చవకగా అమ్మనీయకుడని అమ్మువాడే ప్రార్థించుట విచిత్రము. ఆ కనీస ధర రానేలేదు, చూపులే చాలినవి.

ఫలశ్రుతి: 2024లో ప్రకటనకును అమలుకును నడుమ వారమైన లేదు, జూలై 3, 4 తేదీలకే కొత్త ధరలు వచ్చినవి. ఆ నెల మువ్వురికిని చందాదారులు తగ్గి, కవి మరచిన నాలుగవవానికి పెరిగిరి. పాఠకుడా, మరల ఒక కంపెనీ పెంపు ప్రకటించిన నాడు రెండవదాని ప్రకటనకై వేచియుండకుము. ఆ రాత్రియే ఏడాది ప్లాను వేయించుకొనుము.