చెరువుకి క్లోజ్డ్ సీజన్ ఎప్పుడండీ?

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పుట్టింది 1887లో. అడవిపిట్టల రక్షణ చట్టం పుట్టిందీ ఆ ఏడే. మొదటిది మా తాతల్ని శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మూటాముల్లెతో తెచ్చి బిలాస్‌పూర్‌లో దింపింది. రెండోది పిట్టల్ని ఎక్కడా దింపలేదు గానీ, వాటి పేరన ఒక ఫైలు తెరిచింది. ఫైలు ఇంకా మూయలేదు. పిట్టలే తగ్గాయి.

ఆ మొదటి చట్టం తెలివి చూడండి. పిట్టలు పిల్లల్ని చేసే కాలంలో, అప్పుడే చంపిన పిట్టను దగ్గర పెట్టుకోకూడదనీ, అమ్మకూడదనీ నిబంధనలు చేసుకోవచ్చంది. ఎక్కడ? మునిసిపాలిటీల్లో, కంటోన్మెంటుల్లో. అంటే కౌజులుండే పొలంలో కాల్చినంతసేపూ దొర దొరే. కౌజులుండని బజార్లోకి పట్టుకొస్తే ముద్దాయి.

పాతికేళ్లకి పొరపాటు గ్రహించి 1912లో కొత్త చట్టం చేశారు. బాతులు, కౌజులు, కంజులు, నెమళ్లు, అడవికోళ్లు, పావురాలు అన్నిటినీ పట్టీలో రాశారు. ఏ పిట్టని ఏ నెలల్లో ముట్టకూడదో ప్రావిన్స్ ప్రభుత్వం గెజిట్‌లో చెప్పేది. చట్టం దాన్ని క్లోజ్ టైమ్ అంది, మామూలు మాటలో క్లోజ్డ్ సీజన్. మొదటిసారి దొరికితే యాభై రూపాయల దాకా జరిమానా. మళ్లీ దొరికితే వంద దాకా, లేదా నెల జైలు, లేదా రెండూ. యాభై రూపాయలంటే ఆనాడు ఖలాసీకి కొన్ని నెలల బతుకు. దొరకి సాయంత్రం సోడా ఖర్చు. పైగా ఆస్తి కాపాడుకోవడానికి చిత్తశుద్ధితో చంపితే అసలు తప్పే లేదని ఒక సెక్షన్ పెట్టారు. చేలో రాలిన గింజ ఏరుకుంటున్న కంజుల దండయాత్ర నుంచి ఎంతమంది తమ ఆస్తిని చిత్తశుద్ధితో కాపాడుకున్నారో, ఆ చిత్తశుద్ధిలో మిరియాలెంత పడ్డాయో గెజిట్‌లో లేదు.

ఇక వైస్రాయి లిన్‌లిత్‌గో 1938 నవంబరులో భరత్‌పూర్ వెళ్లి, తన బలగంతో ఒక్క రోజులో 4,273 పిట్టల్ని కూల్చారు. ఆ అంకె అక్కడ రాతి మీద చెక్కి ఉంది. ఆయన ఏ ఆస్తిని కాపాడారన్న ప్రశ్నే రాదు. భరత్‌పూర్ సంస్థానం; బ్రిటిష్ ఇండియా చట్టం దాని పొలిమేర దగ్గరే బూట్లు విప్పి ఆగిపోతుంది.

స్వతంత్రం వచ్చాక మనమూ ఒక చట్టం చేసుకున్నాం, 1972లో. వేటకి నాలుగు రకాల లైసెన్సులు: ప్రత్యేక వేట, పెద్ద వేట, చిన్న వేట, వల పన్ని పట్టే లైసెన్సు. మా గార్డు మావయ్య దగ్గర చిన్న వేట లైసెన్సు ఉండేది. (గార్డు అనకూడదట. 2022 నుంచి రైల్వే వాళ్లని ట్రైన్ మేనేజర్లంటోంది. మావయ్య రిటైరై చాన్నాళ్లయింది కాబట్టి పాత పేరుతోనే పోతానంటున్నాడు.) ఆ కాగితం ఇప్పటికీ ఆయన ట్రంకుపెట్టెలో, యూనియన్ రసీదుల కింద భద్రంగా ఉంది. చూపించమంటే ముందు చేతులు కడుక్కోమంటాడు.

"ఒరే అల్లుడూ, పిట్టని కొట్టడం సులువురా. రూల్సు తప్పకుండా కొట్టడమే కష్టం" అంటాడు. నిజమే. బండి మీంచి కాల్చకూడదు. పొద్దుగూకాక కాల్చకూడదు. మావయ్యకి పగలంతా నిద్ర, రాత్రంతా గూడ్సుబండి బ్రేక్‌వ్యాను. కుక్కని తోడు తీసుకెళ్లకూడదు; నీటిపిట్టలకీ, చకోరానికీ, కౌజుకీ, కంజుకీ అయితే తీసుకెళ్లొచ్చు. జంతువులు నీళ్లు తాగే చోట కాపు కాసి కాల్చకూడదు. పోలంక పిట్టలకీ నీటిపిట్టలకీ అయితే కాయొచ్చు. ఈ ఆఖరి ముక్క గుర్తుపెట్టుకోండి. నీటిపిట్ట నీళ్ల దగ్గర కాక మరెక్కడా ఉండదన్న జ్ఞానం 1972 నాటి గుమాస్తాకి ఉంది.

వీటన్నిటినీ మించిన రూలు ఇంకోటుంది. పట్టీలోని పిట్టని చంపినా, పట్టుకున్నా, చివరికి గాయపరిచినా పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేసుకోవాలి. మావయ్య ఒక కౌజుని గాయపరిచాడు. అది కుంటుకుంటూ వరిచేల్లోకి పోయింది. ఈయన క్వార్టర్‌కొచ్చి, లాంతరు వెలుగులో, "తమరి దివ్యసముఖమునకు" అని మొదలెట్టి అర్జీ రాశాడు. జవాబు వచ్చింది: సదరు పిట్ట మగదో ఆడదో తెలుపవలెను. ఆయన మళ్లీ చేలోకెళ్లి వెతికాడు. ఆ రెండో ప్రయాణం వేట కిందికొస్తుందా, విచారణ కిందికొస్తుందా అని రైల్వే ఇన్‌స్టిట్యూట్ అరుగు మీద ఎన్నో సాయంత్రాలు వాదన నడిచింది.

నిజానికి మావయ్య చేతిలో చచ్చిన పిట్టలు తక్కువే. సీజను తెరిచినప్పుడు ఆయనకి లీవు ఇచ్చేవారు కాదు. లీవు ఇచ్చేసరికి సీజను మూసేసేవారు. ఈ జిల్లాలో పక్షి సంరక్షణకి రైల్వే చేసిన సేవ మీద ఇంతవరకూ ఎవరూ పీహెచ్‌డీ చేయలేదు.

తర్వాత 1991 అక్టోబరు 2న సవరణ అమల్లోకొచ్చి, సరదా వేటని మూసేసింది. గాంధీ జయంతికి బ్రాందీ షాపూ మాంసం కొట్టూ మూస్తారు కదా, వేటా అలాగే మూశారు. తేడా ఒక్కటే: మర్నాడు తెరవలేదు. లైసెన్సులు పోయాయి, సీజన్లు పోయాయి, అర్జీలు పోయాయి. ఇప్పుడు అడవిపిట్ట మీద చెయ్యి వేస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. నెమలి లాంటి మొదటి షెడ్యూలు వాళ్లయితే మూడు నుంచి ఏడేళ్లు. చట్టం గట్టిదే. అందులో నాకు సందేహం లేదు, వెటకారమూ లేదు.

వెటకారమల్లా పెనం దగ్గర. ఏ హైవే పక్కనైనా ధాబాలో బటేర్ అడగండి. "ఇది అడవి కంజా?" అంటే, వంటవాడు చెవులు మూసుకుని "రామరామ, జపాన్‌ది సాబ్" అంటాడు. నిజంగా ఫారంలో పెంచిన జపాన్ కంజులున్నాయి, కాదనను. 1974లో కాలిఫోర్నియా నుంచి ఇజ్జత్‌నగర్ పరిశోధన సంస్థకి తెచ్చిన జాతి అది. 2011లో కేంద్ర పర్యావరణ శాఖ ఆ ఫారాలకి కొత్త అనుమతులు ఆపేసి, కొన్నాళ్లకి మళ్లీ వదిలేసింది. ఇంక్యుబేటర్లో కళ్లు తెరిచి, బల్బు కింద పెరిగి, సంచిలో మేత తిన్న ఆ జీవి మధ్యలో అలా కొంతకాలం వన్యప్రాణి హోదా అనుభవించింది. అది సరే. మన మస్తూరీ మడుల్లో పుట్టి, మన గింజ తిని, మన ఉచ్చులో పడ్డ అచ్చ దేశవాళీ కంజు కూడా నూనెలో పడగానే జపాన్‌దైపోతోంది. బతికుండగా రేషన్ కార్డు కూడా పుట్టని చోట, చచ్చాక విదేశీ పౌరసత్వం ఇంత తొందరగా దొరికే వర్గం ఇంకోటి లేదు.

కాకి కథ ఇంకా బావుంటుంది. 1972 చట్టంలో దాన్ని ఎలుకలతో, పందికొక్కులతో కలిపి అయిదో షెడ్యూల్లో పడేశారు. ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చని. 2022 సవరణలో ఆ షెడ్యూలే ఎత్తేసి, ఊరకాకిని రెండో షెడ్యూల్లోకి తెచ్చారు. డిపార్ట్‌మెంటల్ పరీక్ష లేదు, సీనియారిటీ లిస్టు లేదు, విజిలెన్స్ క్లియరెన్స్ లేదు, ఒకేసారి మూడు గ్రేడులు. బిలాస్‌పూర్ యార్డులో ఒక్క గ్రేడు కోసం పదేళ్లుగా కోర్టు చుట్టూ తిరుగుతున్న వాళ్లు ఆ వార్త చదివి పేపరు మడిచేశారు. అప్పటి నుంచి తద్దినం నాడు కాకి మరీ బెట్టు చేస్తోందని మా పిన్ని అంటోంది.

విదేశాల్లో ఇంకా వేట సీజన్లున్నాయి. ఇంగ్లండులో గ్రౌస్ పిట్టల వేట ఏటా ఆగస్టు 12న మొదలు. వాళ్ల 1831 చట్టం ప్రకారం ఆదివారం, క్రిస్మస్ నాడు వేటపిట్టల్ని ముట్టకూడదు. వారానికో సెలవు, పండక్కో సెలవు. ఈ సంగతి మా లోకో పైలట్లకి చెప్పకండి, ఇంగ్లండులో వేటపిట్ట పోస్టుకి దరఖాస్తు పెట్టేస్తారు.

మావయ్య మనవడు డాలస్‌లో సాఫ్ట్‌వేర్. పోయినేడు సెప్టెంబరు ఒకటిన స్నేహితులతో గువ్వల వేటకెళ్లానని ఫోటో పెట్టాడు. టెక్సాస్‌లో లైసెన్సు కొనాలి, తలకి రోజుకి పదిహేను మించకూడదు, పొద్దుగూకితే తుపాకీ దించేయాలి. బాతులకైతే అమెరికా అంతటా ఇంకో మెలిక ఉంది: పదహారేళ్లు నిండిన ప్రతి వేటగాడూ ఏటేటా పాతిక డాలర్లు పెట్టి బాతు స్టాంపు కొనాలి. ఈ స్టాంపు 1934లో వచ్చింది. దాని మీద మొదటి బొమ్మ గీసింది జే నార్వుడ్ 'డింగ్' డార్లింగ్ అనే పత్రికా కార్టూనిస్టు. (మన కార్టూనిస్టులకి ఇలాంటి ప్రభుత్వ గౌరవం దక్కుతుందా అని అడక్కండి, వాళ్లకి దక్కే ప్రభుత్వ కాగితాలు వేరు.) డాలరులో తొంభై ఎనిమిది సెంట్లు బాతులు దిగే చిత్తడి నేలలు కొనడానికీ, కౌలుకి పట్టడానికీ పోతాయి. మావయ్య అది విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే అక్కడ బాతుని చంపినోడే చెరువుకి అద్దె కడతాడన్నమాట. ఇక్కడ బాతుని ఎవడూ చంపడు, చెరువుకి ఎవడూ కట్టడు" అన్నాడు.

నేనింతసేపూ రావాలనుకున్నది ఈ చెరువు దగ్గరికే.

ఛత్తీస్‌గఢ్ చెరువుల నేల. ఊరికో తరియా (ఇక్కడ చెరువు పేరు అదే), కొన్ని ఊళ్లకి నాలుగైదు. రతన్‌పూర్ పోతే చెరువు దాటకుండా గుడికి చేరలేం. బాతులు వేల మైళ్లు ఎగిరొచ్చేది మన షెడ్యూళ్లు చదువుకుని కాదు, ఈ నీళ్లు చూసుకుని. ఆ నీళ్ల సంగతి చట్టం ఏమంటోంది? 2017 చిత్తడి నేలల నిబంధనలు తీయండి. చిత్తడి నేల అంటే ఏమిటో చెప్పాక, ఏది కాదో కూడా చెప్పాయి: వరిమడి కాదు, నదీ ప్రవాహం కాదు, తాగునీటికో సాగునీటికో చేపలకో మనిషి తవ్విన చెరువు కాదు. ఛత్తీస్‌గఢ్‌లో వరిమడినీ, ఏటినీ, తవ్విన చెరువునీ తీసేస్తే బాతు కాలు పెట్టడానికి మిగిలేది కలెక్టరేట్ ముందు ఫౌంటెన్. అదీ నడవటం లేదు.

ఇందులో ముచ్చట, మన ఊరి పక్కనే ఉన్న కోప్రా జలాశయం. మనిషి కట్టిన సాగునీటి చెరువే. 2025 డిసెంబరులో దానికి రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. రాష్ట్రంలో మొదటిది. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్నంలో కుదిరిన ఒప్పందం అది, నీటిపిట్టల ఆవాసాల కోసం. సంతోషమే, మిఠాయిలు పంచుకున్నాం. కానీ లెక్క చూడండి: అదే చెరువు మన ఇంటి లెక్కలో మామూలు సాగునీటి గుంట. కాస్పియన్ సముద్రం ఒడ్డు నుంచి ముద్ర పడ్డాక చిత్తడి నేల. మరి మిగతా తరియాలు ఏం చేయాలి? ఇరాన్ టికెట్ తీసుకోవాలా? ఈ మధ్య మన జోన్‌లో నడిచే బండ్లకంటే రద్దయిన బండ్ల లిస్టే పొడుగు. చెరువు స్టేషను దాకా వచ్చినా వెయిటింగ్ హాల్లో ఎండిపోవడమే.

మావయ్య చట్టం కాగితాలు ముందేసుకుని చదువుతూ ఒకరోజు ఎగిరి గంతేశాడు. వేట అంటే చంపడం, పట్టడం, ఉచ్చు వేయడం మాత్రమే కాదట. అడవిపిట్ట గుడ్లని, గూడుని పాడుచేయడమూ వేటే, కదిలించడమూ వేటే. నిర్వచనంలోనే ఉంది. వాళ్ల వీధి చివర చెరువు సగం పూడ్చి సర్వే రాళ్లు పాతారు. తామరాకుల మీద నడిచే పొడుగుకాళ్ల పిట్ట ఆకు మీద పెట్టుకున్న గుడ్లు మట్టిలో కలిసిపోయాయి. "లైసెన్సు పుచ్చుకున్నోణ్ని, నాకు బాధ్యత ఉంది" అని మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక ఆఫీసుకి బయల్దేరాడు. కాగితాలు మోయడానికి నన్ను పిలిచాడు.

"వేట జరిగింది, రాసుకోండి" అన్నాడు కిటికీలో.

"వేటగాడి పేరు?"

"పేరు తెలీదు. పసుపు రంగు. పొడుగాటి చెయ్యి."

"ఆయుధం?"

"ముందు తొట్టి. వెనకాల పళ్లున్న పార."

గుమాస్తా కలం ఆపాడు. "జేసీబీయా? పర్మిషన్ ఉందా దానికి?"

"దర్జాగా ఉంది. లేఅవుట్ నంబరుతో సహా గట్టు మీద బోర్డే పెట్టారు."

"పర్మిషన్ ఉంటే వేట ఎలా అవుతుందండీ?"

"1991 తర్వాత వేటకి పర్మిషనే లేదు కదా బాబూ."

"నేనూ అదే అంటున్నా. వేటకి పర్మిషన్ ఇవ్వరు. దీనికి ఇచ్చారు. కాబట్టి ఇది వేట కాదు."

మావయ్య నలభై ఏళ్లు రైల్వేలో చేసినవాడు, ఇంత శుద్ధమైన తర్కం ఎదురైతే గౌరవించడం తెలుసు. అయినా పట్టు వదల్లేదు. "చట్టం పట్టీలో ఉన్న పిట్టండీ" అన్నాడు.

"పిట్ట చచ్చిందా? శవం తెచ్చారా?"

"పిట్ట ఎగిరిపోయింది. గుడ్లు పోయాయి. నాలుగు."

"గుడ్లా! ముందే చెప్పొచ్చు కదా పెద్దాయనా. గుడ్లయితే పశుసంవర్ధక వాళ్లు చూస్తారు. పక్క కిటికీ."

పక్క కిటికీలో ఆవిడ చాలా మర్యాదస్తురాలు. మావయ్యని కూర్చోమంది, మంచినీళ్లిచ్చింది, ఫారం తీసింది.

"లేయరా, బ్రాయిలరా?" అని అడిగింది.