చెప్పుకోవడానికి పనికొచ్చే వస్తువులు

మన ఇళ్లలో ఏ వస్తువైనా పూర్తి ప్రయోజనం ఇచ్చేసేది అది గుమ్మంలోకి వచ్చిన రోజునే. అట్టపెట్టె విప్పే వేళకు ఎదురింటి తలుపు తెరిచి ఉండాలి. తెచ్చిన కుర్రాళ్లు మెట్ల మీద "జాగ్రత్త, జాగ్రత్త" అని నాలుగు కేకలేయాలి. సాయంత్రానికి వదినగారు ఫోన్ చేసి "ఎంత పడిందేమిటి?" అని అడగాలి. ఇవన్నీ జరిగాయంటే ఆ ఫ్రిజ్ తన పని చేసేసినట్టే. ఆపైన పదేళ్లు పాలు విరగకుండా కాపాడటమంటారా, అది ఉచిత సేవ.

కాదంటారా? వాషింగ్ మెషిన్ దగ్గరికి రండి. షోరూములో "పద్నాలుగు ప్రోగ్రాములండీ" అనగానే, పక్కనున్న పది ప్రోగ్రాముల దాన్ని నిరుపేదను చూసినట్టు చూసి, మూడు వేలు ఎక్కువ పోసి తెచ్చుకున్నాం. అందులో ఉన్ని బట్టలకు ఒక ప్రోగ్రాము ఉంది, ఇల్లేమో విజయవాడలో. పసిపాపల బట్టలకు ఇంకొకటి ఉంది, ఇంట్లో చిన్నవాడేమో బీటెక్ మూడో ఏడు. నడిచేది ఒకే ఒక్క ప్రోగ్రాము, ఆ బటన్ మీద అక్షరాలు కూడా అరిగిపోయాయి. మీట చుట్టూ ఫ్యాక్టరీలో అంటించిన ప్లాస్టిక్ పొర మాత్రం ఇంకా పీకలేదు, కొత్తది పాతబడుతుందని భయం. ముందు తలుపున్న మెషిన్లకు కింద మూలన చిన్న మూత ఉంటుంది. దాన్ని తిప్పి లాగితే ఫిల్టర్ వస్తుంది, దాంతోపాటు పిన్నీసులూ రూపాయి బిళ్లలూ వస్తాయి. ఆ మూత ఉందన్న సంగతి మనకు తెలిసేది నీళ్లు పోక మెషిన్ మొరాయించి, మెకానిక్ వచ్చి, రెండు నిమిషాల్లో దాన్ని తిప్పి, విజిటింగ్ చార్జి అడిగినప్పుడే.

మనం బద్ధకస్తులమనీ మాన్యువల్ చదవమనీ అందరూ తిడతారు. అది కాదు అసలు రోగం. ఉన్న వస్తువును బాగా వాడుకునే పద్ధతులు దాదాపు అన్నీ ఉచితం. ఉచితమైనది పదిమందిలో చెప్పుకోవడానికి పనికిరాదు. చెప్పుకోలేని పని మనం చేయం.

వేసవి రానివ్వండి, ఈ రోగం ఎంత ముదిరిందో తెలుస్తుంది. ఏసీ కొనేటప్పుడు ప్రతివాడూ జ్యోతిష్కుడే, నక్షత్రాలు చూడనిదే ముహూర్తం పెట్టడు. ఐదుంటే సరే, నాలుగైతే సంబంధం క్యాన్సిల్. ఆ నక్షత్రాల స్టిక్కరు మీదే ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో రాసి ఉంటుంది. ఆ లెక్క ఏడాదికి 1600 గంటల వాడకానికి కట్టింది. ఆ రేటింగ్ ఎప్పటినుంచి ఎప్పటిదాకా చెల్లుతుందో కూడా అక్కడే ఉంటుంది. చదివినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, శాలువా కప్పుతాను. 2022 జులైలో ప్రమాణాలు బిగించినప్పుడు, అంతకుముందు రోజు దాకా ఐదు నక్షత్రాలు మెరిసిన మోడల్ తెల్లారేసరికి నాలుగుకు దిగింది. మన హాల్లో మాత్రం దిగలేదు. స్టిక్కరు పీకలేదుగా.

అంతకుముందే, 2020 జనవరి 1 నుంచి, స్టార్ రేటింగున్న గది ఏసీలన్నీ స్విచ్ వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. గెజిట్లో అచ్చేసి మరీ ఢిల్లీ ఆపిన అంకెను మనం బొటనవేలితో టక టక టక మని 18కి దించి, రగ్గు ముసుగుతన్ని పడుకుంటాం. రోహిణీ కార్తెలో రగ్గు! "18 పెడితే గది తొందరగా చల్లబడుతుంది" అనే పండితుడు ఇంటికొకడు ఉంటాడు. వేడి గదిలో మొదట 24 పెట్టినా 18 పెట్టినా కంప్రెసర్ తన శక్తికొద్దీ తిరుగుతుంది, తేడా అంతా ఎక్కడ తగ్గుతుందన్న దాంట్లోనే. బటన్ పదిసార్లు నొక్కితే లిఫ్టు పరిగెత్తుకొస్తుందన్న నమ్మకం లాంటిదే ఇదీను.

అదే ఏసీ ముందు మూత ఎత్తితే రెండు జాలీలు ఊడి వస్తాయి. కుళాయి కింద పట్టి, నీడన ఆరబెట్టి, మళ్లీ బిగించాలి. దుమ్ముతో పూడుకుపోయిన జాలీలోంచి గాలి ఆడక చల్లదనం తగ్గుతుంది, మీటరు తిరుగుతూనే ఉంటుంది. కడగడానికయ్యే ఖర్చు సున్నా. అయినా ఎవరూ ఎందుకు కడగరు? "మాది ఫైవ్ స్టార్ ఇన్వర్టర్ ఏసీ వదినా" అని పేరంటంలో అంటే నలుగురు తల తిప్పి చూస్తారు. "నిన్న ఏసీ ఫిల్టర్ కడిగాను వదినా" అంటే "అయ్యో, పనమ్మాయి మానేసిందా?" అని జాలిపడతారు.

వైఫై పెట్టెది ఇంకో కథ. అది అందంగా ఉండదు. అందుకని టేకు షోకేసులో, టీవీ వెనక, కొండపల్లి బొమ్మల మధ్య, అద్దాల తలుపు వేసి దాచేస్తాం. బెడ్‌రూములో సిగ్నల్ రావట్లేదని వంద ఎంబీపీఎస్ ప్లాన్‌ను మూడొందలకు పెంచుతాం. ప్లాన్ పెంచితే గోడ పల్చబడదు నాయనా! ఇప్పుడొచ్చే పెట్టెల్లో చాలావరకు రెండు దారులు ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, గోడలు దాటే సత్తా తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ నిదానంగా పోతుంది గానీ గోడలు దాటిపోతుంది. పెట్టెను షోకేసులోంచి తీసి ఇంటి నడుమ ఎత్తున పెడితే సగం బాధ తీరుతుంది. కానీ చుట్టాలకు చెప్పేటప్పుడు "మూడొందల ఎంబీపీఎస్" అన్న మాటకున్న బరువు "పెట్టె జరిపాం" అన్నదానికి ఎక్కడిది?

ఇక అమెరికా ప్రేమలు. డాలస్ నుంచి అబ్బాయి వస్తూ అమ్మ నడుం నొప్పి తలుచుకుని ఇల్లు ఊడ్చే రోబో తెచ్చాడు. అక్కడి ఇళ్లలో ఏ గదికీ గడప ఉండదు. ఇక్కడ హాలుకో గడప, దేవుడి గదికి పసుపు రాసి బొట్లు పెట్టిన ఇంకో గడప. రోబో గడప దగ్గర తల కొట్టుకుని, వెనక్కి తిరిగి, ఊడ్చిన హాలునే మళ్లీ ఊడుస్తుంది. దాన్ని గది గదికీ చంకనేసుకుని మోసే పని నడుం నొప్పి ఉన్న అమ్మదే. అయినా కిట్టీ పార్టీలో ఆ రోబో చురుకుదనం వినాలి!

అబ్బాయి పోయినసారి తెచ్చిన కరెంటు కుక్కర్ గతి ఊహించుకోవచ్చు. అక్కడి ప్లగ్గులో 120 వోల్టులు, ఇక్కడ 230. ఫోన్ చార్జరు రెండింటికీ తట్టుకుంటుంది, 100 నుంచి 240 దాకా అని దాని వీపు మీద రాసి ఉంటుంది. మోటారో హీటరో ఉన్న వంటింటి సామాను చాలావరకు తట్టుకోదు, ఆ సంగతీ దాని వీపు మీదే రాసి ఉంటుంది. కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేసినవాడు ఆ ఒక్క గీత చదవలేదు. అదే అమ్మ కోడలి పురిటికి అమెరికా ప్రయాణమైనప్పుడు గ్రైండర్ల షాపులో మొదట అడిగిందేమిటి? "110 వోల్టులది ఉందా బాబూ?" ఇడ్లీ పిండి దగ్గర బడాయి చెల్లదు కనుక ఆవిడకు వోల్టేజీ తెలుసు.

స్మార్ట్ టీవీ మనకంటే తెలివైనదని ఊరికే అనలేదు. 2017లో అమెరికాలో విజియో అనే టీవీ కంపెనీ, జనం ఏం చూస్తున్నారో సెకను సెకనుకూ రాసుకుంటోందని, చూసేవాళ్లకు సరిగా చెప్పకుండానే కోటీ పది లక్షల టీవీల నుంచి ఈ సమాచారం పోగేసిందని తేలింది. 22 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది. అలాంటి సేకరణను ఆపే మీట చాలా టీవీల సెట్టింగుల్లో లోపలెక్కడో ఉంటుంది. మన ఇంట్లో దాని జోలికి ఎవరూ పోరు. కొత్త టీవీ రోజున "నేను అంగీకరిస్తున్నాను" అని మన తరఫున నొక్కింది గోడకు బిగించడానికొచ్చిన కుర్రాడు. అతనికి టీ ఇచ్చి పంపించాం కూడా.

ఫోన్ సంగతి చెప్పుకోకపోతే తప్పు. రెండొందల మెగాపిక్సెళ్ల కెమెరా అని కొన్నది మామూలుగా తీసేటప్పుడు పదహారు చుక్కల్ని ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెళ్ల ఫొటోయే ఇస్తుంది. మనం దాంతో కరెంటు మీటరు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతాం, వాట్సాప్ దాన్ని ఇంకా నలిపేస్తుంది. రెండేళ్లకు ఫోన్ నత్తనడక మొదలుపెడితే కొత్తది కొంటాం. బ్యాటరీ ముసలిదైన కొన్ని ఐఫోన్లను తానే నెమ్మదింపజేశానని 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది. ఫోన్ హఠాత్తుగా ఆరిపోకుండా ఉండటానికే అంది. కొనేవాళ్లకు ఆ ముక్క చెప్పనందుకు 2020లో ఫ్రాన్స్ రెండున్నర కోట్ల యూరోలు వసూలు చేసింది. ఆ ఫోన్లలో కొత్త బ్యాటరీ వేస్తే వేగం తిరిగొచ్చింది. కానీ "ఈ రోజు బ్యాటరీ మార్పించాను" అని స్టేటస్ పెట్టినవాణ్ణి మీరు చూశారా? పెడితే ఎన్ని లైకులు వస్తాయి?

కాబట్టి కంపెనీలవారికి నాదో వ్యాపార సలహా. ఫిల్టర్ కడగడం ఉచితమని చెబితే మా జాతి ఛస్తే కడగదు. దాన్నో ఫంక్షన్ చేయండి. శుభలేఖలు వేయించండి, డ్రోన్ కెమెరా పెట్టించండి, జాలీని వెండి పళ్లెంలో పెట్టి ముత్తయిదువల చేత మోయించండి. "ఏసీ ఫిల్టర్ స్వహస్తాలతో శుభ్రపరిచిన మా బావగారికి హార్దిక శుభాకాంక్షలు, ఇట్లు బావమరుదులు" అని వీధి మొగలో పన్నెండడుగుల ఫ్లెక్సీ కట్టించండి. ప్యాకేజీ నలభై వేలు పెట్టండి. బేరమాడం. పక్కవీధివాళ్లు ముప్పై ఐదు వేలది తీసుకున్నారని తెలిస్తే, మేం యాభై వేలది అడుగుతాం.