మాజీ పేదవాడు

మాజీ మంత్రులకు లెక్క ఉంది, మాజీ సైనికులకు లెక్క ఉంది. మాజీ పేదవాళ్లకే ఈ దేశంలో లెక్కాపత్రం లేదు. వాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకుంటే చందాలు బ్రహ్మాండంగా వసూలవుతాయి. ఎందుకంటే అందులో సభ్యత్వానికి మొట్టమొదటి అర్హత ఇవాళ చేతినిండా డబ్బుండటం. ఇప్పటికీ లేనివాణ్ణి మాజీ అనరు, ఉత్త పేదవాడంటారు. వాడు చెప్పేది వినడానికి ఎవరూ కూర్చోరు.

ఈ జాతిలో మేలురకం ఒకప్పటి పేద విద్యార్థి. వయసు డెబ్బైకి అటూ ఇటూ. పొద్దున నడకలో దొరుకుతాడు, పెళ్లి భోజనాల దగ్గర దొరుకుతాడు. తప్పించుకోలేని చోటు మాత్రం ఆయన ఇంటి డైనింగ్ టేబులే. మనవడు పళ్లెంలో అరముక్క చపాతీ వదిలాడా, 1976 మొదలైందన్నమాటే.

మా కాలనీలో ఉన్న నమూనా సారు ఒక బ్యాంకులో పెద్ద అధికారిగా రిటైరయ్యారు. సాగర్ ఎడమ కాలువ కింది పల్లెటూరి నుంచి ట్రంకుపెట్టెతో హైదరాబాదు వచ్చి, ఇక్కడే బీఏ, ఆ తర్వాత ఉస్మానియాలో ఎమ్మే ఎకనామిక్స్ చదివారు. ఇప్పుడు రెండంతస్తుల ఇల్లు, ఒక విల్లా, అమెరికాలో కొడుకు. వీటి గురించి ఆయన ఒక్క ముక్క మాట్లాడరు. అవన్నీ బ్యాంకు లోనుతో, భార్య పొదుపుతో, కొడుకు పంపినదానితో వచ్చినవి. పేదరికం ఒక్కటే ఆయన స్వార్జితం.

స్వార్జితం కాబట్టి దాన్ని ఏటేటా పెంచుకుంటూ వస్తున్నారు. నేను ఈ కాలనీకి వచ్చిన కొత్తలో, ఆయనకు ఇంటి నుంచి నెలకు నూటయాభై రూపాయల మనియార్డరు వచ్చేది. కొడుక్కి అమెరికాలో ఉద్యోగం వచ్చాక అది నూరైంది. విల్లా గృహప్రవేశం నాటికి అరవైకి దిగింది. మొన్న సంక్రాంతికి నలభై అన్నారు, అదీ రెండు నెలలకోసారి అట. ఇదే వరస కొనసాగితే, ఆ రోజుల్లో ఆయనే వాళ్ల నాన్నకు డబ్బు పంపి చదువుకున్నారని తేలే ప్రమాదం ఉంది.

వీధి దీపం సంగతి చెప్పాలి. ప్రతి మాజీ పేదవాడి జీవితంలోనూ ఒక వీధి దీపం ఉంటుంది, దాని కింద ఆయన ఉంటాడు. ఆనాటి మునిసిపాలిటీలు పాతిన స్తంభాల కంటే వాటి కింద చదువుకున్నవాళ్లే ఎక్కువేమోనని నా అనుమానం. పుస్తకం పట్టుకుని వెళితే స్తంభం దగ్గర క్యూ ఉండాలి మరి. హాస్టల్ గదిలో బల్బు ఉండేది కదా సార్ అని ఒకసారి అడిగాను. ఉండేది గానీ కరెంటు ఉండేది కాదన్నారు. మరి కరెంటు లేనప్పుడు వీధి దీపం ఎలా వెలిగిందని అడగబోయి ఊరుకున్నాను. పురాణం వినేటప్పుడు ఇలాంటివి అడక్కూడదు.

ఆయన కథల్లో ఆర్ట్స్ కాలేజీ ఎక్కడా రాకపోవడం నేను గమనించాను. 1939లో నిజాం ప్రారంభించిన ఆ గులాబీ రాతి మహాసౌధం పేదరికానికి నప్పదు. అంత ఎత్తు కమాను కింద నిలబడి ఆకలి అంటే ఎవడు నమ్ముతాడు? అందుకని ఆయన చదువంతా హాస్టల్ వెనక చెట్టు కింద, ఇరానీ హోటల్లో, పైన చెప్పిన స్తంభం దగ్గరే పూర్తయింది.

ఇరానీ హోటల్ దగ్గర మాత్రం సారు అబద్ధం చెప్పరు, చెప్పాల్సిన పనీ లేదు. పాలరాతి బల్ల, వంపు తిరిగిన చెక్క కుర్చీ, గోడల నిండా అద్దాలు. జేబులో ఉన్నది ఒక చాయ్‌కి సరిపడా, వచ్చినవాళ్లు ఇద్దరు. వన్ బై టూ. ఉన్నంతలో దర్జాగా ఉండాలనుకున్న రోజున పౌనా, అంటే ముప్పాతిక కప్పు చిక్కటి చాయ్. అడగకుండానే బేరర్ ఒక ప్లేటు నిండా సమోసాలు తెచ్చి బల్ల మీద పెట్టి పోయేవాడు. తిన్నవాటికే లెక్క. పస్తున్న వాళ్ల ముందు పొగలు కక్కే సమోసాలు పెట్టి, తినకుండా గంటసేపు ప్రపంచ రాజకీయాలు మాట్లాడించడమంటే అది మామూలు పరీక్ష కాదు. విశ్వామిత్రుడికి ఒక్క మేనకే, వీళ్లకు ప్లేటుకు ఎనిమిది. లేచేటప్పుడు అసలు అవమానం. బిల్లు కాగితం ఉండదు. బేరర్ గల్లాపెట్టె వైపు చూసి, హోటలంతా వినబడేలా 'ఏక్ చాయ్, దో ఆద్మీ' అని కేకేసేవాడట. గల్లా దగ్గర కూర్చున్న పెద్దమనిషి తలెత్తకుండానే చిల్లర తీసుకునేవాడు. ఒక్కోరోజు అదీ తీసుకోకుండా 'కల్ దేనా బేటా' అనేవాడు.

ఈ మాట చెప్పేటప్పుడు సారు గొంతు నిజంగానే కాస్త మారుతుంది. ఆ రేపటి బాకీలన్నీ తీర్చారా సార్ అంటే మాత్రం వెంటనే చార్మినార్ సిగరెట్ల కథలోకి వెళ్లిపోతారు. ఒక్కటి కొని ముగ్గురు తాగడం, మూడోవాడి వేళ్లు కాలడం. ఆ మూడోవాడు ఎప్పుడూ ఆయనే.

ఆ వన్ బై టూలో రెండో సగం తాగినవాడెవడో, ఆ పూట డబ్బులిచ్చినవాడెవడో ఆయన కథల్లో దొరకడు. ట్రంకుపెట్టె మోసిన జీతగాడు లేడు, జాడీ నిండా ఆవకాయ పెట్టి ఆర్టీసీ బస్సు కండక్టరును బతిమాలి పంపిన తల్లి లేదు. జాడీ మాత్రం ఉంది. దాన్ని రూమ్మేట్లు మూడు రోజుల్లో ఖాళీ చేసిన దుర్మార్గమూ ఉంది. పేదరికం ఆయనొక్కడిదే, మిగతావాళ్లంతా దాన్ని దోచుకోవడానికి వచ్చినవాళ్లు.

ఇక ఉత్తరాలు. నాకు దక్కిన అసలైన ఆధారం ఇదే. వాళ్ల నాన్నగారు దాచిన ఇన్‌లాండ్ కవర్ల కట్ట ఒకటి సారు స్వయంగా చూపించారు, చరిత్ర అంటూ. ప్రతి ఉత్తరమూ ఒకటే బాణీ. ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను. పాడి గేదె ఎలా ఉంది. పరీక్ష ఫీజు కట్టాలి. ఒకే పరీక్షకు ఒకే ఏడాదిలో మూడుసార్లు ఫీజు కట్టిన విద్యార్థి ఉస్మానియా చరిత్రలో ఇంకొకడు లేడనుకుంటాను. ఒక ఉత్తరంలో 'ప్రయోగశాలలో బీకరు నా చేత పగిలినది, మూల్యము చెల్లించవలెను' అని ఉంది. బీఏ చదివే కొడుకు బీకరు దగ్గరికి ఎందుకు వెళ్లాడో ఆ తండ్రి అడగలేదు. డబ్బు పంపాడు. మనియార్డరు ఫారం అడుగున రాసుకోవడానికి ఉండే ఆ చిన్న జాగాలో, 'ఇకపై జాగ్రత్తగా పట్టుకొనుము' అని రాశాడు. కట్టలో ఆ ముక్క కూడా ఉంది. ఉత్తరం తేదీ 1977 మే నెల. 'అడవి రాముడు' ఆడుతున్న రోజులు. ఆ బొమ్మ ఎన్నిసార్లు చూశారు సార్ అని అడిగితే, లెక్కపెట్టుకోలేదయ్యా అన్నారు, ఒక పేదవాడికి ఉండాల్సిన వినయంతో.

1981లో 'ఆకలి రాజ్యం' వచ్చేనాటికి ఆయనకు బ్యాంకు ఉద్యోగం వచ్చేసింది. బాల్కనీ టికెట్టు కొని, ఇంటర్వెల్లో కూల్‌డ్రింకు తాగి, ఇది నా కథేనని కళ్లు తుడుచుకున్నారట. మాజీ పేదవాడిగా ఆయన నియామకం ఆ రోజే జరిగిందని నేననుకుంటాను.

పోయినేడాది వాళ్ల బ్యాచ్ కలయిక ఊరి బయట రిసార్టులో జరిగింది. నన్నూ తీసుకెళ్లారు, కారు నడపడానికి. ఈ సమావేశాలు కాంట్రాక్టు టెండర్ల పద్ధతిలో నడుస్తాయి. తక్కువ కోట్ చేసినవాడిదే గెలుపు. సూపు తాగుతూ ఒకాయన నాకు మూడు జతలే ఉండేవిరా అని మొదలుపెట్టాడు. కబాబులు వచ్చేసరికి అది రెండు జతలైంది. బిర్యానీ దగ్గర మా సారు లేచి, చదువైపోయే దాకా నాకున్నది ఒక్కటే చొక్కా అని ప్రకటించారు.

"ఒక్కటేనా? ఉతికిన రోజు ఏం వేసుకునేవాడివిరా?" అని ఎవరో సాంకేతిక సందేహం లేవదీశారు.

"నీదే వేసుకునేవాణ్ణి" అన్నారు సారు.

అవతలాయన ఫోర్కు కింద పెట్టాడు. "ఆ నీలం గళ్లదా? అది చాకలి పోగొట్టాడని మూడు నెలలు వాడితో తగువాడానురా నేను!"

కాసేపు విచారణ నడిచింది. చొక్కాతో పాటు ఒక టెరికాటన్ ప్యాంటు, రెండు గైడ్లు, ఒక హవాయి చెప్పు ఆచూకీ కూడా తెలిసింది. చెప్పు ఒక్కటే ఎందుకని అడిగితే, నా చెప్పుల్లో ఒకదానికి పట్టీ తెగింది, అప్పటిదాకా పిన్నీసు పెట్టి నడిచేవాణ్ణి, దీంతో జోడు కుదిరింది అన్నారు సారు. సీటు లేకుండా మిత్రుడి గదిలో మకాం వేసేవాణ్ణి ఉస్మానియాలో నాన్ బోర్డర్ అంటారు. ఇద్దరుండాల్సిన గదిలో అయిదుగురు, అందులో ముగ్గురు నాన్ బోర్డర్లు. ఆ సాయంత్రం తేలిందేమంటే, అక్కడున్న ప్రతివాడూ గది నాది, మిగతావాళ్లు నాన్ బోర్డర్లు అనే అనుకుంటున్నాడు. వార్డెన్ ఎవరిని నమ్మాడో తెలీదు.

టెండరు మా సారుకే ఖాయమయ్యేదే. కానీ అధ్యక్ష స్థానంలో తొంభైకి చేరువలో ఉన్న వాళ్ల లెక్చరర్ గారు ఉన్నారు. ఆయన నెమ్మదిగా పెరుగన్నం కలుపుకుంటూ, "నేను వారాలు చేసుకుని చదువుకున్నాను నాయనా. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఒకరింట్లో. గురువారం ఇల్లు దొరకలేదు" అన్నారు. అంతే. హాలంతా నిశ్శబ్దం. వారాల ముందు ఏ పత్తా నిలవదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారిని తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి చదివించిందంటారు, ఆ కాలపు సరుకు అది. మన హాస్టల్ సాంబారులో ములక్కాడ ముక్క పడలేదన్న బాధ దాని పక్కన పెట్టడానికి కూడా పనికిరాదు.

ఆ బల్ల చివర ఒకాయన మొదట్నుంచీ మాట్లాడకుండా తింటున్నాడు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో చిన్నప్పట్నుంచీ పెరిగినవాడట. నువ్వేమైనా చెప్పరా అని పట్టుబట్టారు. "ఏం చెప్పాలిరా? హాస్టల్లో మూడు పూటలా తిండి పెట్టేవాళ్లు. సెలవులిస్తేనే భయం వేసేది" అని, డబల్ కా మీఠా ఇంకొంచెం వేయించుకున్నాడు. ఆ మాట ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదో, అర్థమైందో గానీ, దాన్ని పోటీకి స్వీకరించలేదు. నిబంధనల ప్రకారం అది చెల్లదు. అందులో కథ లేదు.

తిరిగొచ్చేటప్పుడు సారు దిగాలుగా ఉన్నారు. ఇంటికి రాగానే భార్య ముందు గోడు వెళ్లబోసుకున్నారు. ఆవిడ చాయ్ ఇస్తూ నాతో అన్నారు: "వీళ్ల నాన్నగారు సీలింగు డిక్లరేషను నింపడానికి మిర్యాలగూడ వకీలు చుట్టూ ఆరునెలలు తిరిగారటండీ. 1973లో ఆ చట్టం వచ్చిందగ్గర్నుంచీ మామగారికి నిద్ర లేదని మా అత్తగారు చెప్పేది. భూమి ఎక్కువైపోయిందని బెంగపెట్టుకున్న పేదవాళ్లను నేను ఈ ఇంట్లోనే చూశాను."

సారు చాయ్ చప్పరించి, "భూమి ఉండటం వేరు, చేతిలో పైసా ఉండటం వేరు" అన్నారు. న్యాయంగా చెప్పాలంటే ఆ మాటలో నిజం ఉంది. పంట ఇంటికి వచ్చేదాకా రైతు ఇంట్లో రూపాయి కనబడదు. మనియార్డరు ఆలస్యమైతే మెస్ బకాయి పడుతుంది, బకాయి ఉంటే హాల్ టికెట్ చేతికి రాదు. పదెకరాల మాగాణి కొడుకైనా ఆ నెల అప్పుకు తిరగాల్సిందే. ఆకలి కూడా నిజమే, కాకపోతే అది నెలాఖరు ఆకలి. సారు దాన్ని జన్మాంతర ఆకలిగా ప్రమోట్ చేశారు. బ్యాంకు మనిషి కదా, వడ్డీ కలిపారు.

ఇప్పుడాయన ఆత్మకథ రాశారు. అది అచ్చులో ఉంది. అట్ట మీద వీధి దీపం బొమ్మ, కింద పుస్తకం పట్టుకున్న కుర్రాడు. కుర్రాడికి చొక్కా ఉంది గానీ ఎవరిదో తెలియదు. అంకితం 'నన్ను నేనే చదివించుకున్న నాకు' అని రాసుకున్నారు. ఆవిడ దాన్ని కొట్టేసి మామగారి పేరు రాశారు, దాని మీద ఇంట్లో చర్చ నడుస్తోంది. వెల మూడువందల యాభై రూపాయలు. మా అన్న కూతురు ఓయూలోనే పీజీ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది, దానికొక కాపీ ఇద్దామని, విద్యార్థులకు ఏమైనా తగ్గింపు ఉందా సార్ అని అడిగాను.

సారు కుర్చీలో వెనక్కి వాలారు.

"ఉట్టినే ఇస్తే విలువ తెలీదయ్యా. మా రోజుల్లో నేను ఒక పుస్తకం కొనాలంటే, నెలకు వచ్చే ఇరవై రూపాయల్లో..."